ఊరూ పేరూ లేని పాట

1902 నవంబరులో కలకత్తాలో, ఒక హోటలు గదిలో, గౌహర్ జాన్ అనే ప్రసిద్ధ గాయని గ్రామఫోను కొమ్ము ముందు నిలిచి పాడినారు. లండను గ్రామఫోను కంపెనీ పక్షాన వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే నిపుణుడు ఆ పాటను మైనపు పలకమీద పట్టుకొన్నాడు. మూడు నిమిషాల పాట ముగిసీ ముగియకముందే ఆమె గట్టిగా, ఇంగ్లీషులో, తన పేరు గౌహర్ జాన్ అని పలికినారు. ఆ పలుకు ఆనాటి ఆమె రికార్డులలో నేటికీ వినవస్తుంది. దానిని గాయని అతిశయంగా తలచేవారు లేకపోలేదు. అసలు కారణం వేరు. ఆ మైనపు పలకలు ఓడమీద జర్మనీలోని హానోవరు నగరానికి పోవలసి ఉండేవి. రికార్డులు అచ్చయ్యేది అక్కడ. అక్కడి పనివారికి మన భాషలు తెలియవు, మన రాగాలు తెలియవు. ఏ పలక ఎవరిదో తారుమారు కాకుండ ఉండడానికి పాట చివర పాడినవారి చేతనే పేరు చెప్పించేవారు.

గొంతును పట్టి ఉంచే ఈ పరిశ్రమ మన దేశంలో అడుగుపెట్టిన తొలినాళ్లలోనే, గొంతు వెంట పేరు కూడ ప్రయాణం చేయాలన్న నియమం ఈ విధంగా ఏర్పడినది. ఇది కళాకారులమీది గౌరవంతో పుట్టిన నియమం కాదు. అచ్చువేసేవారి సౌకర్యం కోసం పుట్టినది. పుట్టుక ఏదైనా ఫలం మంచిదే. నూటయిరవై ఏండ్లు గడచినా ఆ గొంతు ఎవరిదని మనం తడుముకోనక్కరలేదు. కాగితం మీదికెక్కిన పాటల సంగతి అట్లా కాదు. మన జానపద గేయ సంపుటాలు తీసి చూడండి. సేకరించినవారి పేరు అట్టమీద ఉంటుంది, పీఠిక వ్రాసిన పండితుని పేరు లోపల ఉంటుంది. దంపుళ్లవేళ ఆ పాట పాడి వినిపించిన ఇల్లాలి పేరు మాత్రం బహు అరుదుగా కనబడుతుంది. పాట పుస్తకానికెక్కినది, పాడిన మనిషి రోటి దగ్గరనే ఉండిపోయినది.

సంగీతం వృత్తిగా లేనివారు తమ యింట పాడుకొన్న పాటగాని, వాయించుకొన్న వాద్యంగాని ఒక చిన్న వీడియోగా అంతర్జాలం ఎక్కి లోకమంతా తిరగడం, ఆ దారిన ఎవరికీ తెలియని ప్రతిభ బయటపడడం – ఇది 2005 తరువాతి చరిత్ర. ఈ చరిత్రను సామాన్యంగా అదృష్టకథల వరుసగా చెప్పుకొంటారు. నిన్నటిదాకా అనామకుడు, నేడు లోకప్రసిద్ధుడు అని ముగిస్తారు. వినడానికి బాగానే ఉంటుంది. రేడియోలో రోజుకు పదిమంది కళాకారుల పేర్లు చదివే ఉద్యోగిని కాబట్టి కాబోలు, నాకు వేరొక ప్రశ్న ముఖ్యమని తోస్తుంది. గొంతు దొరికిన తరువాత మనిషిని వెదకి పట్టుకొన్నదెవరు? ఎంతకాలానికి? పట్టుకొని ఏమి చేసినారు?

ఔత్సాహికులను వెదకే పని వీడియోలతో మొదలైనది కాదు. రేడియో ఆ పనిని ముందే తలకెత్తుకొన్నది. 1934లో న్యూయార్కులోని ఒక స్థానిక కేంద్రం నుండి మేజర్ బౌస్ అనే ఆయన ఔత్సాహికుల కార్యక్రమం ఒకటి ప్రారంభించినాడు. మరుసటి యేడు అది ఎన్.బి.సి. ద్వారా అమెరికా అంతటా వినవచ్చినది. అది ఆర్థికమాంద్యం రోజులు. ఒక్క పాటతో బ్రతుకు మారుతుందన్న ఆశతో దేశం నలుమూలలనుండి జనం వచ్చి ఆ కేంద్రం వాకిట నిలిచేవారు. బాగా లేనివారిని మధ్యలో ఆపడానికి బౌస్ గంట కొట్టేవాడు. పరుల పరాభవం శ్రోతలకు వినోదం కావడం కొత్త సంగతి కాదన్నమాట. 1935 సెప్టెంబరులో హోబోకెన్ అనే ఊరినుండి నలుగురు కుర్రవాళ్లు వచ్చి పాడినారు. వారి బృందాన్ని ఊరి పేరుతోనే 'హోబోకెన్ ఫోర్' అని పిలిచినది బౌస్ అంటారు. ఆ నలుగురిలో ఒకడు పంతొమ్మిదేండ్ల ఫ్రాంక్ సినాట్రా. గంట మ్రోగలేదు.

మన ఆకాశవాణి దారి వేరు. 1952లో కేస్కర్ గారు సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన తరువాత, ఆడిషన్ అని మేము పిలిచే స్వరపరీక్ష దేశమంతటా కట్టుదిట్టమైనది. హిందూస్తానీ సంగీతం విషయంలో రతన్‌జంకర్ గారి వంటి విద్వాంసులు ఆ బాధ్యత వహించినారు. పరీక్షించేవారికి పాడేవారి ముఖం కనబడదు, పేరు తెలియదు. గొంతు వినడమొకటే వారి పని. వంశం పేరు, గురువు పేరు, సిఫారసు ఉత్తరం – ఇవేవీ ఆ గది గడప దాటరాదని ఉద్దేశం. పేరుమోసిన విద్వాంసులు కొందరు మాకు పరీక్ష ఏమిటని అలిగినారు, నిరసనలు కూడ జరిగినవి. వారి అలుకలో కొంత న్యాయం లేకపోలేదు. కాని ఈ ఏర్పాటులో నాకు నచ్చిన విశేషం ఒకటి ఉన్నది. ఇక్కడ పేరును మరుగుచేయడం, తరువాత పేరు ఇవ్వడం కోసమే. గ్రేడు నిర్ణయమైన మీదట ఆ కళాకారుని పేరు కచేరీకి ముందొకసారి, ముగిసిన తరువాత ఒకసారి చదువుతాము. వయొలిన్ వారిది, మృదంగం వారిది కూడ. రెండేసి సార్లు ఎందుకండీ, ఆ సమయంలో ఇంకొక కీర్తన వేయరాదా అని అడిగే శ్రోతలున్నారు. గౌహర్ జాన్ పలుకు తలపుకు వచ్చినప్పుడల్లా రెండుసార్లు కూడ చాలవేమో అనిపిస్తుంది నాకు.

ఈ పద్ధతికి ఒక కొరత మాత్రం ఉన్నది. దరఖాస్తు పెట్టుకొన్నవారినే అది వినగలదు. అటువంటి దరఖాస్తు ఒకటి ఉన్నదని తెలియనివారు, తెలిసినా అది తమకోసం కాదనుకొనేవారు, వరిచేలలో నాట్లు వేస్తూ పాడుకొనేవారు – వీరి గొంతు మా గాజు తలుపు దాకా రాదు. మేము ఊళ్లకు యంత్రాలు మోసుకొని పోయి పాటలు పట్టి తెచ్చిన సందర్భాలు ఉన్నవిగాని, దేశం విస్తీర్ణానికి అవి ఎంత?

2005 ఏప్రిలు 23వ తేదీన యూట్యూబులో మొదటి వీడియో చేరినది. జావేద్ కరీం అనే యువకుడు అమెరికాలోని సాన్ డియాగో జంతుప్రదర్శనశాలలో ఏనుగుల ముందు నిలిచి నాలుగు మాటలు మాట్లాడిన 19 సెకండ్ల దృశ్యం అది. అంతకంటె ముఖ్యం ఆ ఏర్పాటు. ఇక్కడ దరఖాస్తు లేదు, పరీక్షకులు లేరు, గంట లేదు. ఎవరి యింటి గదినుండి వారే ప్రసారం చేసుకోవచ్చును. అయితే ప్రసారకేంద్రంలో పేర్లు చదివే మనిషి ఒకడుంటాడు. ఇక్కడ ఆ మనిషి కూడ లేడు. ఆ లేమి ఎటువంటిదో ఎనిమిది నెలలు తిరగకముందే తెలిసివచ్చినది.

ఆ డిసెంబరులో 'గిటార్' అన్న ఒక్క మాట శీర్షికగా ఒక వీడియో యూట్యూబులో చేరినది. నిడివి అయిదు నిమిషాల పైచిలుకు. ఎవరో కుర్రవాడు తన గదిలో, కిటికీని వెనుకపెట్టుకొని కూర్చున్నాడు. కిటికీలోనుండి ఎండ. తలమీది టోపీ ముఖాన్ని మరుగుపరచినది. చేతిలో ఎలెక్ట్రిక్ గిటారు. వాయిస్తున్నది మూడువందల యేండ్లనాటి జర్మను స్వరకర్త పాకెల్‌బెల్ కూర్చిన 'కానన్'. అతని చేతివేళ్లు తంత్రులమీద పరుగెత్తిన తీరు చూచి, గిటారు తెలిసినవారు కూడ నోరు తెరచినారు. వీడియోతో కనబడిన పేరు 'ఫన్‌టూ' అన్న మారుపేరు. అది మనిషి పేరు కాదు, ఊరు అంతకన్నా కాదు. పైగా ఆ వీడియోను అక్కడ పెట్టినది ఆ కుర్రవాడు కూడ కాదు, వేరెవరో.

ఆ కృతిని గూర్చి నాలుగు మాటలు చెప్పుకోవాలి. పాకెల్‌బెల్ 1653లో పుట్టి 1706లో చనిపోయినాడు. ఈ కానన్‌లో క్రింది స్థాయిలో ఎనిమిది స్వరాల పంక్తి ఒకటి మొదటినుండి చివరిదాకా మారకుండ నడుస్తుంది. అదే పంక్తి 28 సార్లు. దానిపై మూడు వయొలిన్లు ఒకదాని వెనుక ఒకటి, ముందుదాని అడుగులోనే అడుగువేస్తూ బయలుదేరుతవి. మన గాయకులు ఒకే పల్లవిమీద సంగతులు పెంచుకొంటూ పోవడం ఎరిగినవారికి ఈ సుఖం కొత్తది కాదు. అయితే ఇంత చక్కని కృతిది కూడ అజ్ఞాతవాసమే. రెండు శతాబ్దాలకు పైగా దానిని తలచినవారు లేరు. 1919లో మొదటిసారి అచ్చుపడినది. 1968లో ఫ్రాన్సుకు చెందిన పైయార్ అనే సంగీత నిర్వాహకుడు తన వాద్యబృందంతో రికార్డుగా వెలువరించిన తరువాతనే సామాన్యుల చెవిని పడినది. తైవానుకు చెందిన జెర్రీ చాంగ్ అనే గిటారు వాద్యకుడు దానిని రాక్ బాణీలోకి మార్చి అంతర్జాలంలో పెట్టినాడు. ఆ మార్పును విని నేర్చుకొని, టోపీ కుర్రవాడు వాయించినాడు. గురుశిష్యులిద్దరూ ఒకరినొకరు చూడని గురుకులం ఇది.

వీడియో లక్షలమందికి చేరినది. చేరిన కొలదీ వాదాలు పెరిగినవి. శబ్దాన్ని, దృశ్యాన్ని అతడు వేరువేరుగా పట్టి తరువాత కలిపినాడు. రెండూ అక్కడక్కడ సరిగా పొసగలేదు. ఇదంతా మోసం, వాయించినది మరొకరు అన్నవారు బయలుదేరినారు. ఇంకొకవైపు, వాయించినది నేనే అని చెప్పుకొన్నవారూ బయలుదేరినారు. యజమాని కనబడని సొత్తుకు దావాదారులు పుట్టడం లోకసహజమే కదా. చివరికి న్యూయార్క్ టైమ్స్ పత్రికకు చెందిన వర్జీనియా హెఫర్నన్ ఈ చిక్కుముడి విప్పడానికి పూనుకొన్నది. ఒక్కొక్క దారం పట్టుకొని వెదకి, ఉత్తరప్రత్యుత్తరాలు జరిపి, 2006 ఆగస్టు 27వ తేదీన ఆ పేరును పత్రికలో అచ్చువేసినది. అతడు దక్షిణ కొరియాకు చెందిన లిమ్ జంగ్ హ్యున్. వయస్సు 23. న్యూజిలాండులో చదువుకొంటున్న విద్యార్థి. గిటారు దాదాపుగా తనంత తానే నేర్చుకొన్నాడు. కొరియాలోని ఒక సంగీత ప్రియుల వేదికలో, తన వాద్యంమీద తోటివారి అభిప్రాయం తెలుసుకొనడానికి ఆ వీడియో పెట్టినాడు. దానిని అక్కడినుండి ఎవరో తీసి యూట్యూబులో చేర్చినారు. తాను అంత గొప్ప వాద్యకుడినేమీ కానని, ఇంకా మెరుగుపడవలసి ఉన్నదని అతడు చెప్పుకొన్నాడు. అప్పటికే ఆ వీడియోను చూచిన సంఖ్య 70 లక్షలు దాటినది.

డెబ్బయి లక్షల వీక్షణలకు, ఎనిమిది నెలల కాలానికి, ఒక పేరు. వెదకి పట్టుకొన్నది మాత్రం యంత్రం కాదు, ఓపిక గల ఒక విలేఖరి. ఈ సంగతిని అదృష్టకథలలో ఎవరూ పెద్దగా చెప్పుకోరు.

పేరు ఎక్కడ జారిపోతున్నదో కొంచెం విచారించాలి. పాడినవారు తమ యింటినుండి తామే వీడియో పెట్టి, చూచినవారు దాని చిరునామాను ఒకరికొకరు పంపుకొన్నంతకాలం పేరు దానితోపాటే ఉంటుంది. ఎవరో ఒకరు ఆ వీడియోకు నకలు తీసి తమ పుటలో పెట్టుకొన్న క్షణాన దారం తెగుతుంది. నకలు ఫోనునుండి ఫోనుకు పోతుంది. ప్రతి మజిలీలోను శీర్షిక మారుతుంది: అద్భుత గానం, మట్టిలో మాణిక్యం, చివరిదాకా వినండి. విశేషణాలు పెరుగుతవి, విశేష్యం మాయమవుతుంది. పల్లెవారి విషయంలో మరింత చిక్కు. పాడినవారొకరు, ఫోను పట్టుకొన్నవారొకరు, ఊరు దాటించినవారొకరు. పాడినవారి చేతిలో ఫోనే ఉండకపోవచ్చును. హానోవరు పనివారికి తోచిన ఉపాయం మనకు ఏల తోచదో! పాట ముగియగానే ఫోను పట్టుకొన్నవారు 'అమ్మా, మీ పేరు, మీ ఊరు చెప్పండి' అని అడిగితే అయిదు సెకండ్లు పడుతుంది.

కొన్ని కథలలో ఈ చిక్కు రాలేదు. కెనడాలో జస్టిన్ బీబర్ అనే బాలుని పాటలను తల్లియే పేరుతో పెట్టినది. 2008లో ఒక నిర్వాహకుడు ఆ దారినే వచ్చి పట్టుకొన్నాడు. ఫిలిప్పీన్సు రాజధాని మనీలాలో హోటళ్లలో పాడుకొనే ఆర్నెల్ పినేడా వృత్తిగాయకుడే, ఔత్సాహికుడు కాదు. కాని చిన్ననాట తల్లిని పోగొట్టుకొని వీధులలో పడుకొన్నవాడు. స్నేహితుడొకడు అతని పాటలను శ్రద్ధగా యూట్యూబులో పెట్టినాడు. 2007లో 'జర్నీ' అనే అమెరికను బృందపు నాయకుడు నీల్ షాన్ వాటిని విని కబురుపెడితే, ఇదేదో ఆకతాయి పని అనుకొన్నాడట పినేడా. వీసాకు వెళ్లినప్పుడు అమెరికా కార్యాలయంలోని అధికారి నమ్మక, ఏదీ ఒక పాట పాడమని అడిగినాడని ఆయనే చెప్పుకొన్నాడు. పాడి వీసా తెచ్చుకొన్నాడు. స్వరపరీక్షలు ఎన్నో చూచినవాడినిగాని, ఇటువంటి దానిని నేను వినలేదు.

2009 ఏప్రిలు 15వ తేదీన న్యూయార్కు కార్నెగీ హాలులో జరిగిన కచేరీ మరొక విధమైనది. యూట్యూబు సంస్థయే వాద్యకారులను వీడియోలు పంపమని కోరినది. మూడువేలకు పైగా వచ్చినవి. వాటినుండి ముప్పయికి మించిన దేశాలవారు 96 మందిని ఎన్నుకొని, మైకేల్ టిల్సన్ థామస్ నాయకత్వాన వాయింపజేసినారు. పాత స్వరపరీక్షకే కొత్త చొక్కా తొడిగినట్లున్నది. దీనిని గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

ఆ సంవత్సరమే మార్చిలో ఇజ్రాయెలుకు చెందిన కుటిమాన్ అనే సంగీతకారుడు ఎవరూ అడగని పని ఒకటి చేసినాడు. యూట్యూబులో ముక్కూ మొగమూ తెలియనివారు పెట్టుకొన్న వందలాది వీడియోలు కూర్చుని విన్నాడు. ఒకరి డోలు పాఠం, ఒక పిల్లవాని పియానో అభ్యాసం, ఎవరో బూర ఊదిన ముక్క, ఒకామె వంటగదిలోనో పడకగదిలోనో పాడుకొన్న పాట. ఇవి వేర్వేరు దేశాలలో, వేర్వేరు దినాలలో, వేర్వేరు అవసరాలకు చేసినవి. శ్రుతి కుదిరినవాటిని ఏరి, లయ సరిపోయేటట్టు కత్తిరించి, ఒకదానిపై ఒకటి పేర్చి పూర్తి పాటలు కూర్చినాడు. వాటిలో వాయించినవారెవరికీ తాము ఒక మేళంలో ఉన్నామని తెలియదు. ఆ సంపుటికి 'త్రూ యూ' అని పేరు పెట్టినాడు. మీ ద్వారా అని అర్థం. పాటలు బాగున్నవి. అంతకంటె నన్ను ఆకర్షించినది వాటి వెంట అతడిచ్చిన జాబితా. ఏ ముక్క ఎవరి వీడియోలోనిదో వరుసగా వ్రాసి, వారి వారి పుటలకు దారి చూపినాడు. మృదంగం వారి పేరు కూడ చదివినాడన్నమాట.

2014లో అతడు అటువంటి సంపుటి రెండవది వెలువరించినాడు. అందులో 'గివ్ ఇట్ అప్' అనే పాటకు గొంతు, ప్రిన్సెస్ షా అనే పేరుతో పాడే సమాంతా మాంట్‌గొమరీది. ఆమె అమెరికాలోని న్యూ ఆర్లియన్సు నగరంలో వృద్ధులకు పరిచర్య చేసే ఉద్యోగిని. బాల్యం కష్టాలమయం. పగలు పని చేసుకొని, రాత్రి తాను కట్టిన పాటలను ఏ పక్కవాద్యమూ లేకుండ ఫోను ముందు పాడి పెట్టుకొనేది. వినేవారు కొద్దిమంది. తన పాట చుట్టూ దేశదేశాల వాద్యాలు చేరినవన్న సంగతి పాట వెలువడిన తరువాతనే ఆమెకు తెలిసినది. ఇడో హార్ అనే దర్శకుడు ఆమెమీద తీసిన చిత్రం 2015లో వచ్చినది. తాను టెల్ అవీవు నగరంలో వేదికమీద నిలిచి ఆ పాట పాడడం అందులో చూడవచ్చును.

ఈ కథలో నాకు పూర్తిగా మింగుడుపడని సంగతి ఒకటి ఉన్నది. ఆమె పాటను కుటిమాన్ తీసుకొంటున్నాడని దర్శకునికి ముందే తెలుసును, ఆమెకు తెలియదు. ఆమె ఆశ్చర్యపడే క్షణాన్ని పట్టడానికి కెమెరా ముందునుండే సిద్ధంగా ఉన్నది. ఆమె సంతోషించినది, నిజమే. కన్నీరు పెట్టుకొన్నది, నిజమే. సంతోషించక, నా పాటను నన్ను అడగక ఏల తీసినారని కోపగించుకొని ఉంటే ఆ చిత్రం ఏమయ్యేది? పేరు వ్రాయడం ఒక మర్యాద, ముందుగా అడగడం మరొక మర్యాద. మొదటిది చేసినవారు రెండవదానికి మినహాయింపు పొందరు. అయినా ఇన్ని కథలలో గొంతుకంటె ముందు మనిషి ఎక్కడున్నదో చూచినవారిలో కుటిమాన్‌ను ఒకనిగా లెక్కించక తప్పదు.

మన దేశానికి వస్తే, 2019లో పశ్చిమ బెంగాలులోని రాణాఘాట్ రైలు స్టేషనులో రాణూ మండల్ అనే పేద స్త్రీ, 1972లో వచ్చిన 'శోర్' చిత్రంలోని లతా మంగేష్కర్ గారి పాట పాడుతుండగా ఒక యువకుడు ఫోనులో పట్టి లోకానికి వినిపించినాడు. కొన్ని వారాలలోనే హిమేశ్ రేషమ్మియా గారు ఆమెచేత సినిమా పాట పాడించినారు. అనుకరణ ఎక్కువకాలం తోడురాదని, ఎవరి గొంతు వారు వెదకికోవాలని లత గారు అన్నారు. ఆ మాట కఠినంగా ఉన్నదని చాలమంది నొచ్చుకొన్నారుగాని, సంగీతం నేర్పే ఏ గురువైనా శిష్యునికి చెప్పే మాటయే అది. అసలు కాఠిన్యం వేరే చోట కనబడినది. నాలుగు నెలలు తిరగకముందే, ఆమెను ఆకాశానికెత్తిన చేతులే ఆమె ముఖాలంకరణ పటాలను, ఎవరో అభిమాని భుజం తట్టినప్పుడు ఆమె విసుగుకొన్న దృశ్యాన్ని పంచుకొని నవ్వుకొన్నవి. ఆమె పేరు అందరికీ తెలిసినది. పేరు తెలియడం వలన నవ్వడం సులువైనది. మేజర్ బౌస్ తన గంటను తానే మ్రోగించేవాడు, ఒక్కసారి మ్రోగించి ఊరుకొనేవాడు. ఈ గంటకు లక్షల చేతులు.

అంతకు ముందటి సంవత్సరం, 2018లో, మన తూర్పుగోదావరి జిల్లాలో జరిగిన కథ వేరుగా నడచినది. రంగంపేట మండలంలోని వడిసలేరు గ్రామంలో కూలిపనులు చేసుకొని బ్రతికే పసల బేబి గారు, 'ప్రేమికుడు' చిత్రంలోని 'ఓ చెలియా' పాట పాడినారు. ఎరిగినవారు ఫోనులో పట్టినారు. పాట సామాన్యమైనది కాదు. రెహమాన్ గారు కూర్చిన ఆ వరుసకు తమిళ మూలం పాడిన ఉన్నికృష్ణన్ గారికి తొలి సినిమా పాటతోనే జాతీయ పురస్కారం తెచ్చిపెట్టినది. కర్ణాటక సంగీతం క్రమంగా అభ్యసించినవారు కూడ ఆచితూచి పాడే పాట అది. నిదానంగా సాగే పంక్తులలో ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియకపోతే గొంతు బయటపడిపోతుంది. ఈమె చేతిలో శ్రుతిపెట్టె లేదు, పక్కన తాళం లేదు. చెవితో విని నేర్చినది. అయినా జారవలసినచోట జారి, నిలువవలసినచోట నిలిచినారు. స్వరపరీక్షకు కూర్చునేవారు ముందుగా చూచేది ఆ నిలకడనే.

ఆ వీడియో కూడ తక్కినవాటివలెనే తిరిగినది. రెహమాన్ గారు స్వయంగా దానిని తన ఫేస్‌బుక్ పుటలో పంచుకొన్నారు. ఎవరో తెలియదు, ఎంత చక్కని గొంతు అన్న అర్థం వచ్చే రెండు మాటలు పైన వ్రాసినారు. వరుస కట్టిన స్వరకర్తకే పాడినది ఎవరో తెలియదు. తప్పు ఆయనది కాదు. ఆయన దగ్గరకు వచ్చేసరికి పేరు ఎన్ని మజిలీల వెనుక జారిపోయినదో! తెలియదు అని దాచకుండ వ్రాయడం మేలే అయినది. ఎవరో అని తోచక ఊరుకోవడం వేరు, ఎవరు అని అడగడం వేరు.

ఆ ప్రశ్నకు జవాబు తెలుగునాట త్వరగానే దొరికినది. విలేఖరులు వడిసలేరు వెళ్లినారు. సంగీత దర్శకులు కోటి గారు ఆమెను పిలిపించి సత్కరించినారు. చిరంజీవి గారు ఇంటికి ఆహ్వానించి ఎదురుగా కూర్చుని పాట విన్నారు. వీటన్నిటికంటె నాకు విలువైనదిగా తోచేది రఘు కుంచె గారు చేసిన పని. పెద్దపేరున్న పాట మరొకటి ఆమెచేత మళ్లీ పాడించి ఊరుకోవచ్చును. అనుకరణకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. అట్లా చేయక, ఆమె బ్రతుకునే వస్తువుగా తీసుకొన్న కొత్తపాట వ్రాయించి, వరుస కట్టి, ఆమెచేత పాడించినారు. అంతకు ముందు మరెవరూ పాడని పాట కాబట్టి పోల్చి చూడడానికి వేరొక గొంతు లేదు. ఆ తరువాత ఆమె ఎన్ని పాటలు పాడినారన్న లెక్క నాకు ముఖ్యం కాదు. నాట్లకు, కోతలకు పోయే మనిషికి ఏటా పది పాటలు దొరకాలని లోకం మీద నిర్బంధం లేదు. ఆ ఒక్క పాట మాత్రం మా అలవాటు ప్రకారం చదవడానికి వీలుగా, అన్ని పేర్లతోను ఉన్నది.

పాట 'మట్టి మనిషినండి నేను'. రచన లక్ష్మీ భూపాల. సంగీతం రఘు కుంచె. గానం, వడిసలేరు వాస్తవ్యురాలు పసల బేబి.